ఒకే నమూనా, మూడు సాక్ష్యాలు: విశాఖ రాతి తీరంలో వర్గీకరణ, జీవావరణ, జన్యు శాస్త్రాలను కలిపి పనిచేసే విధానం

జీవవైవిధ్యాన్ని వర్గీకరణ, జీవావరణ, జన్యు శాస్త్రాలు మూడింటితో కలిపి అధ్యయనం చేయాలంటే పని ఏ వరుసలో సాగాలని ఎమ్మెస్సీ విద్యార్థులు, డిగ్రీ కాలేజీ అధ్యాపకులు తరచూ అడుగుతున్నారు. ప్రాజెక్టు ప్రతిపాదనలో మూడు పేర్లూ రాయడం సులువు. ఆచరణలో మాత్రం ఒకరు జాతుల జాబితా తయారు చేస్తారు, మరొకరు వేరే రోజున వెళ్లి సంఖ్యలు లెక్కిస్తారు, ఇంకొకరు మరెక్కడో సేకరించిన కణజాలం నుంచి డీఎన్‌ఏ తీస్తారు. చివరకు మూడూ ఒకే నివేదికలో పక్కపక్కన ఉంటాయే తప్ప, ఒకదాని ఫలితాన్ని మరొకటి పరీక్షించే అవకాశమే ఉండదు.

కాబట్టి ఈ మార్గదర్శి అంతా ఒకే నియమం మీద నడుస్తుంది: రూపం, ఆవాసం, డీఎన్‌ఏ ఈ మూడు సమాచారాలూ ఒకే జీవి నుంచి, ఒకే నమూనా సంఖ్య కింద రావాలి. ఈ నియమం తప్పితే తర్వాత ఎంత ఖరీదైన విశ్లేషణ చేసినా దిద్దుకోవడం సాధ్యం కాదు.

ఉదాహరణగా విశాఖపట్నం రాతి తీరంలోని నత్తలను, లింపెట్‌లను (టోపీలాంటి గుల్లతో రాతిని పట్టుకుని ఉండే నత్తలను) తీసుకుంటున్నాను. తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట, భీమిలి, యారాడ వంటి చోట్లకు నగరం నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. నాలుగైదు మీటర్ల నడకలోనే ఎండకు మాడే రాయి నుంచి ఎప్పుడూ తడిగా ఉండే రాయి వరకు ఆవాసం మారిపోతుంది. పైగా ఈ జీవుల గుల్లలు ఎవరినైనా తికమక పెడతాయి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మన నగరానికి దగ్గరలో లేదని నా అభిప్రాయం. కంబాలకొండ కప్పలకైనా, అనంతగిరి సీతాకోకచిలుకలకైనా వరుస ఇదే. పరికరాలు, అనుమతులు, జన్యు గుర్తులు మారతాయి.

1. ముందుగా ప్రశ్నను కుదించండి

"విశాఖ తీర జీవవైవిధ్యం" అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. ప్రశ్న ఇలా ఉండాలి: "పై మండలంలో ఎత్తుగా, కింది మండలంలో చదునుగా కనిపించే లింపెట్‌లు ఒకే జాతివా, రెండు జాతులవా? రెండైతే ఏది ఏ ఎత్తులో ఉంటుంది?" ఇక్కడ మండలం అంటే నీటి మట్టం నుంచి ఎత్తును బట్టి రాతి తీరాన్ని విడదీసిన పట్టీ. ఈ ప్రశ్నలో రూపం, ఆవాసం, జన్యువు మూడింటికీ పని ఉంది. ఏ ఒక్కటి తీసేసినా జవాబు రాదు. మీ ప్రశ్నకు ఈ పరీక్ష పెట్టి చూడండి. ఒక శాస్త్రాన్ని తీసేసినా జవాబు వస్తుందంటే ఆ శాస్త్రాన్ని అలంకారం కోసం చేర్చారన్నమాట.

లింపెట్ ఉదాహరణ ఊహించి చెప్పింది కాదు. సెల్లానా రేడియేటా అనే లింపెట్‌లో తీరం మీది ఎత్తును బట్టి గుల్ల నిర్మాణం ఎలా మారుతుందో ఆంధ్ర విశ్వకళాపరిషత్ జంతుశాస్త్రవేత్తలు ఈ విశాఖ తీరంలోనే పరిశీలించి 1971లో ప్రచురించారు. గుల్ల ఆకారం ఒక్కదాన్నే చూసి జాతిని నిర్ణయించకూడదని అలాంటి పని మనల్ని హెచ్చరిస్తుంది.

ప్రశ్న పరిధిని దూరం విషయంలో కూడా సరిచూసుకోవాలి. ఈ నత్తల్లో చాలావాటి లార్వాలు సముద్రంలో తేలుతూ ప్రయాణిస్తాయి. తూర్పు తీర ప్రవాహం నైరుతి రుతుపవనాలకు ముందు ఉత్తరం వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దక్షిణం వైపు సాగుతుంది. కాబట్టి రుషికొండకూ భీమిలికీ మధ్య జనాభాల జన్యు భేదాన్ని ఆశించి ప్రాజెక్టు రాయకండి. ఆ ప్రశ్నకు కాకినాడ, గోపాలపూర్ వంటి దూర ప్రాంతాల నమూనాలు కావాలి. ఒకే తీరంలో ఎత్తును బట్టి జాతులు ఎలా మారుతున్నాయన్న ప్రశ్నకైతే మన బీచ్‌లు చాలు.

2. అనుమతులు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 షెడ్యూళ్లను బయలుదేరక ముందే చదవండి. రాతి పగడాలు, సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు రక్షిత జీవులు. కొన్ని గవ్వలకూ, శంఖాలకూ రక్షణ ఉంది. కనిపిస్తే ఫోటో తీసుకోండి, చేయి వేయకండి. అభయారణ్యాల్లో, ఉదాహరణకు కంబాలకొండలో, అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ నమూనానూ తీయకూడదు.

జీవవైవిధ్య చట్టం 2002, దానికి 2023లో వచ్చిన సవరణల ప్రకారం నమూనాలనైనా, వాటి డీఎన్‌ఏనైనా విదేశీ ప్రయోగశాలకు పంపేముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు చూసుకోవాలి. డీఎన్‌ఏ క్రమనిర్ణయం, అంటే దాని అక్షరాల వరుసను చదవడం, దేశంలోనే చేయిస్తే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

విశాఖకు ప్రత్యేకమైన సంగతి మరొకటి. డాల్ఫిన్స్ నోస్ పరిసరాల్లోనూ, ఓడరేవు వద్దా నౌకాదళ, పోర్టు నిషిద్ధ ప్రాంతాలు ఉన్నాయి. కెమెరా, జీపీఎస్‌లతో రాళ్ల మీద తిరిగేవారిని అడగడం సహజం. సంస్థ ఇచ్చిన లేఖ, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

3. సామగ్రి

సంచి సర్దేటప్పుడు ఈ జాబితాను చూసి ఒక్కొక్కటీ టిక్కు పెట్టండి.

☐ 50 × 50 సెంటీమీటర్ల పీవీసీ చట్రం, లోపల 5 సెంటీమీటర్ల ఎడంతో కట్టిన నైలాన్ దారాలు. దారాలు కలిసే బిందువులు 81 వస్తాయి.
☐ 30 మీటర్ల టేపు.
☐ తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, ఒక కొలబద్ద. ఎత్తు కొలవడానికి ఇంతకంటే చవకైన, నమ్మకమైన సాధనం లేదు.
☐ లవణీయతకు రిఫ్రాక్టోమీటర్, రాతి ఉష్ణోగ్రతకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్.
☐ పలుచని చదునైన కత్తి, ఫోర్‌సెప్స్, బ్లేడులు, చిన్న స్పిరిట్ దీపం.
☐ మూతలు బిగిసే 2 మిల్లీలీటర్ల ట్యూబులు, వెడల్పు మూతి సీసాలు.
☐ 95 శాతానికి తగ్గని ఇథనాల్. దీన్ని సంస్థ పేరు మీద ఎక్సైజ్ అనుమతితో కొనాల్సి ఉంటుంది కాబట్టి ముందుగానే దరఖాస్తు చేయండి.
☐ నీటికి తడిసినా చిరగని కాగితం, పెన్సిల్. పెన్ను సిరా, చాలా మార్కర్ల రాత ఇథనాల్‌లో కరిగిపోతాయి.
☐ స్కేలు, నల్లటి గుడ్డ, కెమెరా.
☐ పట్టు జారని చెప్పులు, టోపీ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె.

ఫార్మలిన్ ఈ జాబితాలో లేదు. శరీర నిర్మాణానికి అది మంచిదే గానీ డీఎన్‌ఏను ముక్కలు చేసి, ప్రోటీన్లతో ముడివేస్తుంది. ఫార్మలిన్ తప్పనిసరైతే ముందు కణజాలం కోసి ఇథనాల్‌లో వేశాకే మిగిలిన శరీరాన్ని అందులో పెట్టండి.

4. వేళను ఎంచుకోవడం

విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్ తీరంలోలాగా నీరు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోదు. అందువల్ల కింది మండలం బయటపడేది అమావాస్య, పౌర్ణములకు అటూ ఇటూ కొద్ది రోజులే, అదీ తక్కువసేపే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల సూచనలు చూసి, ఆటు అడుగంటే సమయానికి గంటన్నర ముందే రాతి మీద ఉండండి. నీరు దిగుతున్నకొద్దీ దాని వెంట కిందికి పని చేస్తూ వెళ్లాలి. తిరిగి నీరు ఎక్కడం మొదలవగానే ఎంత పని మిగిలినా పైకి రావాలి.

ఒక్క ఋతువులో తెచ్చిన సమాచారం ఆ ఋతువుకే వర్తిస్తుంది. వానల తర్వాత నదుల నీరు చేరి తీరజలాల లవణీయత బాగా పడిపోతుంది. వేసవి మధ్యాహ్నం పై మండలపు రాయి చేయి పెట్టలేనంతగా కాలుతుంది. వేసవిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల తర్వాత ఒకసారి తప్పకుండా వెళ్లండి. తుపాను తర్వాత వెళ్తే ఆ సంగతి నోటు పుస్తకంలో రాయండి. ఎందుకంటే బండలు దొర్లిన చోట జీవులు కొత్తగా స్థిరపడుతుంటాయి.

ఆ రేవు జాలర్లతో మాట్లాడకుండా రాళ్ల మీదికి దిగకండి. "బాబూ, ఆ నల్ల బండ మీద నాచు పట్టింది, ఇటు నుంచి దిగండి" అని ఒక పెద్దాయన చెప్పే మాట ఏ పుస్తకంలోనూ దొరకదు. వారు ఆ జీవులను ఏ పేరుతో పిలుస్తారో, ఏ నెలల్లో ఎక్కువగా చూస్తారో కూడా అడిగి, వారి అనుమతితో రాసుకోండి.

5. రాతి మీద పని: లెక్క ముందు, సేకరణ తర్వాత

చాలామంది కనిపించిన మంచి నమూనాను ముందు చేతిలోకి తీసుకుంటారు. అప్పుడు ఆ చట్రంలోని లెక్క చెడిపోతుంది. కింది వరుసను మార్చకండి.

మొదట టేపును పై అంచు నుంచి నీటి వరకు పరచండి. ఒక్కో చోట కనీసం మూడు టేపు గీతలు ఉండాలి. లెవెల్ పైపుతో పై, మధ్య, కింది మండలాల ఎత్తులను కొలిచి, ఆ రోజు ఆటు అడుగంటిన సమయంలోని నీటి మట్టానికి ముడిపెట్టండి. "పైన", "కింద" అన్న మాటలు ఒక్కో పరిశీలకుడికి ఒక్కోలా ఉంటాయి. సెంటీమీటర్లు అందరికీ ఒకటే.

తర్వాత ఒక్కో మండలంలో ఐదు చట్రాలు వేయండి. ఎక్కడ వేయాలో ఇంటి దగ్గరే యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయించుకుని వెళ్లండి. లేకపోతే చేయి తనంతట తాను నత్తలు ఎక్కువున్న చోటికే పోతుంది. చట్రాన్ని నిలువుగా పైనుంచి ఫోటో తీయండి. కదిలే జీవులను ఒక్కొక్కటిగా లెక్కించండి. బార్నకిల్స్, రాతి ఆయిస్టర్లు, నాచు వంటి అంటుకుని ఉండేవాటికి 81 బిందువుల్లో ఎన్నింటి కింద అవి ఉన్నాయో చూసి శాతం రాయండి.

ఆపైన రాతి ఉష్ణోగ్రత, వాలు, అలల తాకిడి, గుంటల నీటి లవణీయత, ఆ భాగం పగులా, నున్నటి ముఖమా, నీడ పడే చోటా అన్నవి రాయండి.

అప్పుడే సేకరణ. అది కూడా ఆ చట్రం లోపలి నుంచే జరగాలి, లేదా చట్రాన్ని ఆనుకుని అదే ఎత్తులో, అదే రకం రాతి మీద నుంచి జరగాలి. ఒక్కో రూపానికి ఒక్కో మండలం నుంచి 5 నుంచి 10 జీవులు చాలు. జాతుల వేర్పాటును దాటి జనాభా జన్యుశాస్త్రం మీ ప్రశ్న అయితే ఒక్కో చోటికి 20 నుంచి 30 కావాలి. అంతకు మించి తీయకండి. ఈ రాళ్లు చిన్నవి, వాటి మీది సమూహాలు కూడా చిన్నవే.

6. నమూనా చేతికి వచ్చాక

ఇక్కడ జరిగే పొరపాట్లే మొత్తం పనిని దెబ్బతీస్తాయి. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

లింపెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడే పలుచని కత్తిని గుల్ల అంచు కింద ఒక్క ఊపులో దూర్చి పైకి లేపాలి. ఒకసారి తాకి వదిలేస్తే అది రాతిని బిగబట్టేస్తుంది. ఆ తర్వాత బలవంతంగా లాగితే గుల్ల అంచు విరుగుతుంది, పాదం చిరుగుతుంది. రూపాన్ని కొలవడానికీ పనికిరాదు. అలా బిగుసుకుంటే దాన్ని వదిలి మరోదాన్ని చూడండి, కాసేపాగి మళ్లీ రండి.

తీసిన వెంటనే నమూనా సంఖ్య ఇవ్వండి. సంఖ్యలోనే చోటు, గీత, మండలం, చట్రం, జీవి వరుసగా ఉండాలి: ఉదాహరణకు "రుషి-2-మధ్య-4-07". ఇది రుషికొండ, రెండో గీత, మధ్య మండలం, నాలుగో చట్రం, ఏడో జీవి. ఈ ఒక్క సంఖ్యే ఫోటో మీద, ట్యూబు లోపలి చీటీ మీద, క్షేత్ర పుస్తకంలో, ఆ తర్వాత పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే ప్రక్రియ) పట్టికలో, చివరకు జన్‌బ్యాంక్ (డీఎన్‌ఏ క్రమాల బహిరంగ భాండాగారం) నమోదులో కనిపించాలి. ప్రయోగశాలలో సౌకర్యం కోసం 1, 2, 3 అని కొత్త సంఖ్యలు వేసే అలవాటును మొగ్గలోనే తుంచండి. డీఎన్‌ఏ క్రమం ఒక జాతిదీ, గుల్ల మరో జాతిదీ అయ్యే ప్రమాదం ఎక్కువగా అక్కడే పుడుతుంది.

బతికి ఉండగానే ఫోటో తీయండి. పాదం రంగు, మెడ మీది చారలు, తల మీది మీసాల్లాంటి టెంటకిళ్ల రంగు ఇథనాల్‌లో పడ్డాక పోతాయి. గుల్లను పైనుంచి, పక్కనుంచి, లోపలి వైపు నుంచి, పక్కన స్కేలు ఉంచి తీయండి.

తర్వాత కణజాలం. మంటలో కాల్చి చల్లార్చిన బ్లేడుతో పాదం అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి విడిగా ట్యూబులో వేయండి. కడుపు భాగం తీసుకోకండి. అందులో ఆహారం, పరాన్నజీవులు ఉంటాయి, వాటి డీఎన్‌ఏ కూడా వచ్చేస్తుంది. ఒక జీవికీ మరో జీవికీ మధ్య బ్లేడును తుడిచి మళ్లీ కాల్చాలి.

నెరైటా, ఎకినోలిట్టొరైనా వంటి నత్తలకు మూత ఉంటుంది. ఇథనాల్‌లో వేయగానే అవి లోపలికి ముడుచుకుని మూత బిగించేస్తాయి. ద్రవం లోపలికి పోదు, బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, వారం తర్వాత చూస్తే లోపల కుళ్లిపోయి ఉంటుంది. ఫోటోలు, కొలతలు అయ్యాక గుల్ల చివరి చుట్టుకు చిన్న రంధ్రం చేయండి, లేదా ఒక్కో రకం నుంచి కొన్నింటి గుల్ల జాగ్రత్తగా పగలగొట్టి శరీరాన్ని తీసి వేయండి. పగిలిన ముక్కలను కూడా అదే సంఖ్యతో దాచండి.

కణజాలానికి కనీసం ఐదు రెట్లు, వీలైతే పది రెట్లు ఇథనాల్ ఉండాలి. శరీరంలోని నీరు బయటికి వచ్చి ఇథనాల్ పలచబడుతుంది కాబట్టి మర్నాడు పాతది పారబోసి కొత్తది పోయండి. ప్రయోగశాలకు చేరాక మైనస్ 20 డిగ్రీల్లో ఉంచండి. దారిలో కారు డిక్కీలో ఎండకు వదలకండి.

7. రూప పరిశీలన: పేరు పెట్టే తొందర వద్దు

మొదటి దశలో జాతి పేర్లు రాయకండి. "రూపం 1", "రూపం 2" అని రాయండి. పేరు రాశామంటే ఆ పేరుకు సరిపడే లక్షణాలే కంటికి కనిపిస్తాయి.

గుల్ల పొడవు, వెడల్పు, ఎత్తు, శిఖరం స్థానం కొలవండి. ఒకే నమూనాను ఇద్దరు విడివిడిగా కొలిచి పోల్చుకోవాలి. తేడా ఎక్కువ వస్తే కొలిచే పద్ధతిని సరిదిద్దాలి.

లింపెట్‌లా కనిపించేవన్నీ ఒక కుటుంబానివి కావు. గుల్ల లోపలి కండర ముద్రను చూడండి. సెల్లానాలో గుర్రపు లాడం ఆకారపు ముద్ర తల వైపు, అంటే ముందు వైపు తెరుచుకుంటుంది. సైఫొనేరియాలో ఆ ఖాళీ కుడి పక్కన ఉంటుంది, అక్కడే గుల్ల అంచు కాస్త బయటికి ఉబ్బి ఉంటుంది. పై నుంచి చూస్తే రెండూ ఒకటేననిపిస్తాయి. వంశపరంగా చాలా దూరపువి.

గుల్లతో తేలనప్పుడు లోపలి అవయవాలు చూడాలి. ఎకినోలిట్టొరైనా, దాని బంధువుల్లో మగవాటి జననాంగం ఆకారం గట్టి లక్షణం కాబట్టి ప్రతి చోటి నుంచి మగవి కొన్నైనా ఉండాలి. ఆహారాన్ని గీకే పళ్ల పట్టీ అయిన రాడ్యులా కూడా ముఖ్యం. ఇక్కడ రెండు శాస్త్రాలను ఒకే ట్యూబులో కలిపే ఉపాయం ఉంది. చిన్న నత్త తల భాగాన్ని ప్రోటీనేజ్-కె ఉన్న ద్రావణంలో కరిగించినప్పుడు కండరం కరిగి డీఎన్‌ఏ ద్రావణంలోకి వస్తుంది, కైటిన్‌తో తయారైన రాడ్యులా కరగకుండా అడుగున మిగులుతుంది. దాన్ని సన్నని సూదితో తీసి, స్వేదనజలంలో కడిగి స్లైడు చేయండి. ఒకే జీవి నుంచి క్రమమూ వచ్చింది, పళ్ల రూపమూ వచ్చింది.

8. డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్

మెత్తటి శరీర జీవుల్లో, అంటే మొలస్కాల్లో, జిగట పదార్థం ఎక్కువ. అది పీసీఆర్‌ను ఆపేస్తుంది. అందుకే సాధారణ కిట్ కంటే సీటాబ్ అనే రసాయనం వాడే పద్ధతి, లేదా మొలస్కాల కోసమే తయారైన కిట్ మేలు. కణజాలాన్ని ప్రోటీనేజ్-కెతో 56 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచి, క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమంతో శుద్ధి చేయండి. ప్రతి విడతలో కణజాలం వేయని ఒక ఖాళీ ట్యూబును కూడా చివరి వరకు నడిపించండి.

జంతువులకు మొదటి గుర్తు మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు. 1994లో ప్రచురితమైన ఫోల్మర్ ప్రైమర్లతో (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో), ఆ ప్రైమర్లు మినహా 658 క్షారాల ముక్క వస్తుంది. మొదటి ప్రయత్నానికి పీసీఆర్‌కు ఈ ఉష్ణోగ్రతల వరుస సరిపోతుంది: 94 డిగ్రీలు 3 నిమిషాలు, తర్వాత 94 డిగ్రీలు 30 సెకన్లు, 48 డిగ్రీలు 45 సెకన్లు, 72 డిగ్రీలు 1 నిమిషం చొప్పున 35 చక్రాలు, చివర 72 డిగ్రీలు 7 నిమిషాలు. డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్‌లో సుమారు 700 క్షారాల దగ్గర ఒకే గీత కనిపించాలి. రెండు దిశల్లోనూ క్రమనిర్ణయం చేయించండి.

సీఓఐ తల్లి వైపు వంశాన్ని మాత్రమే చెబుతుంది. అందుకే ప్రతి గుంపు నుంచి కొన్ని జీవులకు కేంద్రక జన్యువు ఒకటి, 28ఎస్ లేదా హిస్టోన్ హెచ్3, తప్పనిసరిగా చేయండి. ఇందులో 28ఎస్ నిదానంగా మారుతుంది; దగ్గరి జాతుల మధ్య తేడా చూపకపోవచ్చు. మొక్కలైతే ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కె జన్యువులు. ఆకు ముక్కను ఇథనాల్‌లో వేయకుండా సిలికా జెల్‌లో ఆరబెట్టాలి.

సముద్రపు నీటిని వడపోసి అందులోని డీఎన్‌ఏ అంతా ఒకేసారి చదివే పద్ధతి గురించి చాలామంది అడుగుతున్నారు. అది ఉనికి జాబితాకు ఉపయోగపడుతుంది, కానీ ఏ జీవిదో, ఏ ఎత్తులోనిదో చెప్పదు. ముందు మీ తీరంలోని జీవుల ధ్రువీకరించిన క్రమాలు పోగుచేసుకోండి.

9. క్రమాలను నమ్మే ముందు

☐ ప్రైమర్ భాగాలను, గజిబిజిగా ఉన్న చివర్లను కత్తిరించారా?
☐ అకశేరుకాల మైటోకాండ్రియా సంకేతంతో, అంటే పట్టిక 5తో, ప్రోటీన్‌గా అనువదించి చూశారా? మధ్యలో ఆగు సంకేతం వస్తే అది కేంద్రకంలోకి చేరిన నకిలీ ప్రతి కావచ్చు, లేదా చదవడంలో తప్పు కావచ్చు.
☐ ఒకే స్థానంలో రెండు శిఖరాలు పదేపదే వస్తున్నాయా? కలుషితం, నకిలీ ప్రతి రెండింటినీ అనుమానించండి.
☐ బ్లాస్ట్ (క్రమాలను పోల్చి వెతికే సాధనం)లో, బోల్డ్ (జాతుల డీఎన్‌ఏ బార్‌కోడ్‌ల భాండాగారం)లో దగ్గరి పోలిక ఏ జీవితో వచ్చింది? బ్యాక్టీరియాతోనో మనిషితోనో వస్తే మళ్లీ మొదటికే.
☐ ఆ పోలిన క్రమానికి ఫోటో, వోచర్ (ఆధారంగా భద్రపరిచిన అసలు నమూనా), సేకరణ స్థలం ఉన్నాయా?

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. జన్‌బ్యాంక్‌లో 99 శాతం కలిసిందని ఆ పేరును తీసుకోకండి. అక్కడ పేరు పెట్టినవారు కూడా గుల్ల చూసే పెట్టి ఉండవచ్చు. వోచర్ లేని క్రమం కంటే, వర్గీకరణ నిపుణుడి వ్యాసంతో ముడిపడిన 97 శాతం పోలికకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

10. మూడు సాక్ష్యాలను ఎదురెదురుగా పెట్టడం

ఒక పట్టిక గీయండి. ఒక్కో వరుస ఒక జీవి. నిలువు గడుల్లో రూప వర్గం, మండలం, ఎత్తు, సూక్ష్మ ఆవాసం, సీఓఐ గుంపు, కేంద్రక జన్యు గుంపు. సీఓఐ గుంపులను క్రమాల మధ్య దూరాల ఆధారంగా పనిచేసే అసాప్ అనే ప్రోగ్రాంతో ఒకసారి, వంశవృక్షం ఆధారంగా పనిచేసే పద్ధతితో ఒకసారి వేరు చేయించండి. రెండూ ఒప్పుకోని చోట ముందుగానే ప్రశ్నార్థకం పెట్టండి. "రెండు శాతం దాటితే కొత్త జాతి" వంటి ఒకే గీటురాయి అన్ని కుటుంబాలకూ పనికిరాదు.

మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెబితే సమస్యే లేదు. చెప్పనప్పుడు ఎలా నడవాలన్నదే అసలు విద్య.

రూపం వేరు, మండలం వేరు, సీఓఐ, కేంద్రక జన్యువు రెండూ ఒకటే. మన లింపెట్‌ల ప్రశ్నకు ఇలాంటి ఫలితం వస్తే, ఎండ, అలల తాకిడి, ఎదుగుదల వేగం వల్ల ఒకే జాతి గుల్ల రెండు రకాలుగా పెరిగిందనే వివరణ ముందుకు వస్తుంది. మధ్య ఎత్తుల్లో మధ్యస్థ ఆకారాలు ఉన్నాయా చూడండి. ఉంటే ఆ వివరణకు బలం చేకూరుతుంది. పూర్తిగా లేకుంటే వేగంగా మారే మరో జన్యువును చూశాకే ఒకే జాతి అనండి.

రూపం ఒకటే, సీఓఐలో స్పష్టమైన చీలిక, మండలాలు వేరు. ఇవి మారురూప జాతులు, అంటే చూపుకు ఒకేలా ఉన్న వేర్వేరు జాతులు, కావచ్చు. కేంద్రక జన్యువులో కూడా అదే చీలిక కనిపించాలి. కనిపిస్తే మళ్లీ సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్లండి: ఈసారి జన్యు గుంపుల వారీగా వేరుచేసి రాడ్యులా, జననాంగం, గుల్ల లోపలి రంగు పోల్చండి. ముందు కనిపించని తేడా ఇప్పుడు కనిపించవచ్చు.

రూపం ఒకటే, మండలం ఒకటే, సీఓఐలో మాత్రం చీలిక, కేంద్రక జన్యువులో ఏమీ లేదు. ఇక్కడ జాతి పేరు పెట్టకండి. నకిలీ ప్రతి, కలుషితం, పాత వంశశాఖల అవశేషం, ఇవన్నీ ఇదే చిత్రాన్ని ఇస్తాయి. కొన్ని ఆల్చిప్ప జాతుల్లో తండ్రి మైటోకాండ్రియా కూడా కొడుకులకు సంక్రమిస్తుంది కాబట్టి ఆడ, మగ జీవులే రెండు గుంపులుగా కనిపించవచ్చు. కీటకాల్లో వోల్బాకియా బ్యాక్టీరియా ఇలాంటి తికమకే పెడుతుంది. ఫలితాన్ని "తేలలేదు" అని రాసి ఉంచడం తప్పు కాదు.

11. జీవావరణ లెక్కలను మళ్లీ చేయడం

చాలా ప్రాజెక్టులు దాటేసే మెట్టు ఇది. సమైక్య అధ్యయనానికి ప్రాణం కూడా ఇదే. చట్రాల్లో మీరు లెక్కించింది క్షేత్రంలో కంటికి కనిపించిన రూపాలను. ఆ రూపంలో రెండు జాతులు దాగి ఉన్నాయని డీఎన్‌ఏ చెప్పాక పాత లెక్కను అలాగే ఉంచితే, ఆ నివేదికలోని వైవిధ్య సూచికలన్నీ పాత పేర్లవే.

ఉదాహరణకు అన్ని చోట్లవీ కలిపి మధ్య మండలంలో ఒక నెరైటా రూపాన్ని 120 లెక్కించారనుకుందాం. అందులో 20 జీవులకు క్రమం చేస్తే 14 మొదటి జాతివి, 6 రెండో జాతివి అయ్యాయి. అంటే అంచనాగా 84, 36. కానీ 20లో 6 అన్నప్పుడు అసలు నిష్పత్తి 95 శాతం నమ్మకంతో సుమారు 12 శాతం నుంచి 54 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఈ అనిశ్చితిని దాచకుండా, ఆ పరిధిలోని విలువలతో సూచికను మళ్లీ మళ్లీ లెక్కించి పరిధిగానే ఇవ్వండి. ఇంకో షరతు: ఆ 20 జీవులను యాదృచ్ఛికంగా తీసి ఉండాలి. పెద్దవీ, అందమైనవీ ఏరి ఉంటే ఈ లెక్క చెల్లదు. ఐదో మెట్టులో వరుస మీద అంత పట్టుబట్టింది అందుకే.

తర్వాత ఆర్ భాషలోని వీగన్ ప్యాకేజీతో సమూహాల పోలిక, నమూనా పరిమాణం సమం చేసిన జాతుల సంఖ్య రెండుసార్లు తీయండి: ఒకసారి రూపాలతో, ఒకసారి తేల్చిన జాతులతో. రెండు ఫలితాల మధ్య తేడాయే మీ పరిశోధన చెప్పే ముఖ్యమైన మాట.

12. ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు

జెల్‌లో గీత రాలేదు: ముందు డీఎన్‌ఏను 10 రెట్లు, 50 రెట్లు పలుచన చేసి చూడండి, జిగట పదార్థమే కారణమైతే పలుచన చేయగానే గీత వస్తుంది. రాకపోతే పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలను పట్టేసే ప్రోటీన్ అయిన బీఎస్ఏ కలపండి, ప్రైమర్లు అతుక్కునే 48 డిగ్రీల ఉష్ణోగ్రతను 45 డిగ్రీలకు తగ్గించండి. ఆ తర్వాతే ప్రైమర్లు మార్చండి.

ఖాళీ ట్యూబులో కూడా గీత వచ్చింది: ఆ విడత మొత్తం పారేయండి. అందులో "బాగున్న" క్రమాలను ఏరుకోవద్దు.

రెండు వేర్వేరు రూపాలకు అక్షరం తేడా లేని క్రమం వచ్చింది: జాతి గురించి ఆలోచించే ముందు ఆ రెండు ట్యూబులూ ప్లేటులో పక్కపక్కన ఉన్నాయేమో చూడండి. ఉంటే కణజాలం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

చీటీ చెరిగిపోయింది: ఫోటోల వరుస, క్షేత్ర పుస్తకంతో సంఖ్యను రుజువు చేయగలిగితేనే ఆ నమూనాను వాడండి. ఊహించి రాయవద్దు.

13. అప్పగింత

గుల్ల, మిగిలిన శరీరం, రాడ్యులా స్లైడు, డీఎన్‌ఏ మిగులు, అన్నీ ఒకే సంఖ్యతో భద్రపరచండి. సగం కణజాలాన్ని వేరే ఫ్రీజర్‌లో, వీలైతే వేరే భవనంలో ఉంచండి. కరెంటు పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. వోచర్లను విశ్వవిద్యాలయ మ్యూజియంలోనో, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రంలోనో నమోదు చేయించి, ఆ నమోదు సంఖ్యను మీ క్షేత్ర సంఖ్య పక్కన రాయండి.

కొత్త జాతి అని తేలితే అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం లక్షణ నిర్ధారణ, మూల నమూనా, దాన్ని భద్రపరిచిన చోటు ప్రకటించాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వెలువడే పత్రికైతే జంతు నామాల ఆన్‌లైన్ రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి. మన దేశంలో దొరికిన కొత్త జాతి మూల నమూనాను జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పొందిన భాండాగారంలో అప్పగించాలి.

క్రమాలను జన్‌బ్యాంక్‌లోనూ, ఫోటోలతో సహా బోల్డ్‌లోనూ చేర్చేటప్పుడు వోచర్ సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, తీరం మీది ఎత్తు గడులను ఖాళీగా వదలకండి. చట్రాల లెక్కలను డార్విన్ కోర్ అనే ప్రామాణిక గడుల ప్రకారం అమర్చి, జీబిఫ్ అనే అంతర్జాతీయ జీవవైవిధ్య సమాచార వేదికకు పంపండి. గుర్తింపు తేలని నమూనాలను కూడా ప్రజాతి పేరుతో, ప్రశ్నార్థకంతో అందులో చేర్చండి. రేపు మంగమారిపేట రాళ్ల మీద పనిచేసే విద్యార్థి పోల్చుకోవడానికి ముందుగా వెతికేది అలాంటి నమూనాల కోసమే.